కింద ఉన్నవాళ్ళదే దారి

బయట నలభై ఏడు.
మెట్రో దిగి వంతెన దాటేలోపే
చెప్పు అడుగు మెత్తబడింది.
అద్దం తలుపుకి అవతల
మైనస్ రెండు.
నా ఊపిరి నా కళ్ళకి కనబడటం
యాభై మూడేళ్ళలో ఇదే మొదలు.

ఒక గంట. ఒక గురువు. ఒక్కతే శిష్యురాలు.
మూడు నైట్ డ్యూటీల ఓవర్‌టైము పోసి కొన్న గంట.
"ఈ వయసులో నీకేం పొయ్యేకాలమే" అంది రూపవాణి,
అని, తన ఉన్ని మేజోళ్ళు తనే తెచ్చిచ్చింది.

ఆసుపత్రిలో నాది ఎముకల వార్డు.
శనివారం సాయంత్రానికి
ఈ కొండ మీంచే వస్తారు కొందరు.
కొండంటే కొండ కాదు, కప్పు కింద పేర్చిన చలి.
మణికట్టు వాచి, మొహం వాడి,
"పడబోతూ చెయ్యి ఆన్చాను సిస్టర్" అంటూ.
ఏ భాషలోనైనా అదే వాక్యం.
బొటనవేలి మొదట్లో జీడిపప్పంత ఎముక ఒకటుంటుంది,
మొదటి ఎక్స్‌రేలో చీలిక ఒక్కోసారి దొరకదు,
పది రోజులు పోయాక బయటపడుతుంది
చిన్న అబద్ధంలా.
ఆ చేతులు ఎక్కడ జారాయో చూద్దామని వచ్చాను
అని చెప్పుకున్నాను.
నిజానికి జారాలనే వచ్చాను.

నుర్బెక్‌కి ఇరవై ఆరు. కిర్గిజ్ కొండల పిల్లాడు.
బూట్లు బిగించి,
గడ్డం కింద పట్టీ లాగి వేలు దూర్చి చూశాడు,
కట్టు బిగువు నేను చూసినట్టే.
తలూపమన్నాడు.
హెల్మెట్టు నాతోపాటే ఊగింది. సరే అన్నాడు.

మొదటి పాఠం నిలబడటం కాదు, పడటం.
పక్కకి పడు. పిరుదు మీద పడు.
చేతులు ఆన్చకు, పిడికిళ్ళు మూసుకో.
ముప్పై ఏళ్ళు మంచాల పక్కన నేను చెప్పిన మాట
ఇన్నాళ్ళకి నాకు చెప్పేవాడు దొరికాడు.
పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కారని సామెతైతే ఉంది,
ఎలా పడాలో మాత్రం
అందులో చెప్పలేదు.

పడ్డాను.
లేచాను అని రాయడం తేలిక.
ఒక్కో కాలికి అయిదడుగుల పట్టె,
వెల్లకిలా పడ్డ తాబేలు నాకంటే నయం.
మళ్ళీ పడ్డాను. మళ్ళీ.
ఆరోసారికి పిడికిలి దానంతటదే మూసుకుంది.

రెండోది ఆగడం.
పట్టెల ముక్కులు దగ్గరికి, మడమలు దూరంగా,
"పిజ్జా ముక్క" అన్నాడు.
నాకది సమోసా.
సమోసా ఎంత వెడల్పైతే నడక అంత నిదానం.
"ఆగడం రానివాళ్ళని పైకి తీసుకెళ్ళను" అన్నాడు.
ఆగడం రాకుండానే పైకెళ్ళినవాళ్ళు
మా ఆసుపత్రి ఆరో అంతస్తులో ఇద్దరున్నారు.

మూడోది, కుర్చీ ఎక్కబోతుండగా చెప్పాడు:
"కింద ఉన్నవాళ్ళదే దారి.
పైనుంచి వచ్చేవాళ్ళే చూసుకోవాలి."
మళ్ళీ చెప్పమన్నాను.
వినబడలేదనుకుని గట్టిగా చెప్పాడు.
హెల్మెట్టు వల్ల కాదు బాబూ.
ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో
పక్కకి తప్పుకున్నది నేనే.
లిఫ్టు దగ్గర, వీసా కిటికీ దగ్గర,
రౌండ్స్‌కి వచ్చే గుంపు ముందు గోడకంటుకుని.
వెనక ఎవరొస్తున్నారో చూసి చూసి
మెడ ఒక పక్కకే అలవాటైపోయింది.

సగం వాలులో ఉన్నాను.
వెనక గర్రుమని బోర్డు.
మెడ తిరగబోయింది.
"ముందుకే చూడు!" నుర్బెక్ కేక.
ముందుకే చూశాను.
మోకాళ్ళు వణికాయి, సమోసా వణికింది,
తప్పుకోలేదు.
ఆ బోర్డు కుర్రాడు నన్ను చుట్టుకుని,
నా మీద ఇంత మంచుపొడి చల్లి,
చెయ్యెత్తి సారీ అంటూ దిగిపోయాడు.
పదిహేనేళ్ళుంటాయేమో.
మణికట్టుకి రక్షణ పట్టీ లేదు వెధవకి.
శనివారం నాకు కనబడకు నాయనా.

గంటలో ఇంకా పదకొండు నిమిషాలున్నాయి.